తేదీ తెలిసిన జలుబు

(హైదరాబాద్‌లో ఒక పార్కు ఉదయపు నడక సంఘం సమావేశంలో ఛాతీ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు. చాలామందికి టిఫిన్లు కూడా అయి ఉండవు. అందుకే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను.

మొన్ననే శివరాత్రి వెళ్లింది. ఉగాది ఇంకా రాలేదు. ఏటా సరిగ్గా ఈ రోజుల్లోనే తుమ్ములు మొదలై, మామిడికాయ పచ్చళ్లు పెట్టేదాకా ముక్కు కారుతూనే ఉండేవాళ్లు మీలో కొందరు ఉంటారు. మీకు వస్తున్నది పుప్పొడి అలర్జీ, అంటే చెట్లూ గడ్డీ గాల్లోకి వదిలే పూత పొడి ఒంటికి పడకపోవడం. ఆ మాట మీకూ తెలిసే ఉంటుంది. కానీ మందు మాత్రం జలుబుకు వేసుకున్నట్టే వేసుకుంటారు. బాగా ముదిరాక ఒక మాత్ర, తగ్గగానే ఆపేయడం. ఈ జబ్బుకు తేదీ ఉంది. అది ఫలానా నెలలో వస్తుందని తెలిసినప్పుడు, మందు రెండు వారాల ముందే మొదలుపెట్టవచ్చు. అలా మొదలుపెట్టినవాళ్లకు ఆ మూడు నెలలు ఎంత తేలిగ్గా గడుస్తాయో నేను ఏటా చూస్తున్నాను. మీకూ అలా గడవాలనే ఇవాళ వచ్చాను.

జలుబుకూ దీనికీ తేడా చూడటం కష్టమేమీ కాదు. జలుబైతే ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, కొంచెం జ్వరం ఉంటాయి. ఇంట్లో ఒకరికి వస్తే ఇద్దరు ముగ్గురికి అంటుకుంటుంది. వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీకి జ్వరం ఉండదు, ఎవరికీ అంటుకోదు. దాని అసలు గుర్తు దురద. ముక్కులో, కళ్లలో, అంగిట్లో, చెవి లోపల కూడా దురద పెడుతుంది. పొద్దున్నే లేవగానే వరసగా తుమ్ములు వస్తాయి. ముక్కు నుంచి నీళ్లలా కారుతుంది. పిల్లలైతే అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి పదే పదే రుద్దుకుంటారు. అలా ఏళ్ల తరబడి రుద్దితే ముక్కు మీద అడ్డంగా ఒక సన్నటి గీత పడుతుంది. మా గదిలోకి వచ్చే పిల్లాడి ముక్కు మీద ఆ గీత కనిపిస్తే, తల్లి నోరు విప్పకముందే సగం విషయం నాకు తెలిసిపోతుంది.

ఇది పువ్వుల వాసన వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. మల్లెపూలు మాన్పిస్తారు, ఇంట్లో గులాబీ కుండీ తీసేస్తారు. రంగు రంగుల పూలు పెద్దగా దోషులు కావు. మోదుగ, బోగన్‌విల్లా, గులాబీ లాంటివాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగలు మోసుకెళ్తాయి తప్ప అది గాల్లో ఎక్కువ దూరం తేలదు. మనల్ని ఇబ్బంది పెట్టేవి అసలు పూశాయని కూడా ఎవరూ గమనించని చెట్లూ గడ్డీ. గాలి మీద ఆధారపడే ఈ మొక్కలు లక్షల కొద్దీ పొడి రేణువులను గాల్లోకి వదిలేస్తాయి. వినాయకుడికి పెట్టే గరిక ఉంది చూశారా, ప్రపంచమంతటా పేరుమోసిన అలర్జీ గడ్డి అది. శివరాత్రి రోజుల్లో ఆకులన్నీ రాల్చి బోడిగా నిలబడి, ఎవరికీ కనిపించని చిన్న పూత పూసే నెమలినార చెట్టు మరొకటి. కోస్తాలో సరుగుడు తోటలున్నాయి. పాలమూరు వైపు ఆముదం చేలున్నాయి, వాటి పూత కాలం వేరు. అక్కడివాళ్లు చలికాలంలోనే తుమ్ముతూ మా దగ్గరికి వస్తారు.

సర్కారు తుమ్మ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, అది మన దగ్గరే మొదలైన కథ. బీడు భూముల్లో వంటచెరకు కోసమని 1877లో జమైకా నుంచి దాని విత్తనాలు తెప్పించి కడప జిల్లాలో వేశారు. అక్కడి నుంచి అది చెరువు గట్లెక్కింది, రైలు పట్టాల పక్కన పాకింది, ఇవాళ అది లేని మండలం వెతకాలి. ఎండలు మొదలయ్యే వేళకు పసుపుపచ్చ కంకులు వేస్తుంది. మన దేశంలో పుప్పొడి అలర్జీ పరీక్షలు చేసే దాదాపు ప్రతి చోటా దాని పేరు జాబితాలో ఉంటుంది. ఇక వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. 1950లలో పుణె దగ్గర దాన్ని గుర్తించారు. దాని గురించి తుమ్ముల కంటే చర్మం గురించే ఎక్కువ చెప్పాలి. చేలో వట్టి చేతులతో పీకే ఆడవాళ్లకు ముఖం, మెడ, మోచేతుల మడతలు నల్లబడి, మందమెక్కి, దురదతో రాత్రి నిద్ర ఉండదు. దాన్ని పీకేటప్పుడు చేతులకు తొడుగులు, ఒంటి నిండా బట్ట ఉండాలి, పూత రాకముందే పీకాలి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఊరెళ్లి కలుపు తీస్తుంటే ఈ మాట ఆమెకు తప్పకుండా చెప్పండి.

మీరు అడగబోయే చెట్టు నాకు తెలుసు. రోడ్డు మధ్యలో పచ్చగా, గోపురంలా పెంచిన కోనోకార్పస్. దాని పుప్పొడి, వేర్లు రెండింటి మీదా ఫిర్యాదులు వచ్చాక గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటకూడదని నిషేధించింది. మన రాష్ట్రంలోనూ నర్సరీల్లో పెంచవద్దన్నారు. కొత్తగా నాటకపోవడం మంచిదే. అయితే ఆ ఒక్క చెట్టు కొట్టేస్తే తుమ్ములు ఆగిపోతాయని ఆశపడి మందు మానేయవద్దు. మీకు పడనిది పార్కు లాన్‌లోని గరికే కావచ్చు.

అసలు పుప్పొడే కారణమని తేల్చిన మనిషి గురించి ఒక్క మాట. 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ఏటా ఎండాకాలంలో తనకే వచ్చే ఈ బాధను రాసి వైద్యుల ముందు పెట్టాడు. అప్పట్లో కొందరు కొత్త ఎండుగడ్డి వాసన వల్ల అన్నారు, కొందరు ఎండ వల్ల అన్నారు. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే మరో వైద్యుడికీ ఇదే జబ్బు. ఆయన గడ్డి పుప్పొడి తెచ్చి తన ముక్కులోనే పెట్టుకుని చూశాడు. జిగట పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి పైకి ఎగరేసి, ఎంత ఎత్తులో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. 1873లో అదంతా అచ్చువేశాడు. బాధపడుతున్న మనిషే ఓపికగా గమనిస్తే ఎంత తెలుస్తుందో చూడండి. మీ గురించి మీరు గమనించుకోమని నేను తర్వాత అడగబోతున్నాను, అందుకే ఇది చెప్పాను.

లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను. అలర్జీ తత్వం ఉన్నవాళ్ల ఒంట్లో ఆ పుప్పొడికి ప్రత్యేకంగా ఐజీఈ అనే పదార్థం తయారవుతుంది. ముక్కు పొరల్లోని కొన్ని కణాలకు అది అంటుకుని ఉంటుంది. పుప్పొడి తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. వెంటనే తుమ్ము, దురద, నీళ్లు. కొన్ని గంటల తర్వాత రెండో దశ మొదలవుతుంది. పొర వాచి ముక్కు దిబ్బడ వేస్తుంది. తుమ్ములకు మాత్ర బాగా పనిచేస్తుంది, దిబ్బడకు అంతగా పనిచేయదు. మాత్ర వేసుకున్నా ముక్కు బిగుసుకుపోయే ఉందని మీరు అంటారు కదా, కారణం అదే. ఆ వాపు తగ్గించేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే.

స్టెరాయిడ్ అనగానే అక్కడ ఇద్దరి ముఖాలు మారాయి. లెక్క చెబుతాను, మీరే తేల్చుకోండి. ఫ్లూటికసోన్ స్ప్రే ఒక్కసారి నొక్కితే 50 మైక్రోగ్రాములు వస్తుంది. రెండు ముక్కుల్లో రెండేసి సార్లు కొడితే రోజుకు 200 మైక్రోగ్రాములు, అంటే 0.2 మిల్లీగ్రాము. అందులో రక్తంలోకి చేరేది బహు తక్కువ. అదే, కొన్ని చోట్ల ‘ఒక్క సూదితో నెలంతా హాయి’ అని తుంటికి వేసే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్‌లో 40 మిల్లీగ్రాములు ఉంటుంది. మందులు వేరు కాబట్టి ఇది తూకానికి తూకం కాదు, కానీ ఆ సూదిమందు మొత్తం ఒళ్లంతా తిరుగుతుంది. షుగర్ పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఏటా వేయించుకుంటే ఎముకలు బోలు చేస్తుంది. స్ప్రేకి భయపడి ఆ సూది వేయించుకునేవాళ్లను చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. నొప్పి లేకుండా గడిచే నెల కోసం వాళ్లు చెల్లిస్తున్నది ఎంత పెద్ద ధరో ఎవరూ చెప్పి ఉండరు.

స్ప్రే పనిచేయలేదు అనేవాళ్లలో చాలామందికి దాన్ని కొట్టే పద్ధతిలోనే ఇబ్బంది ఉంటుంది. తల వెనక్కి వంచి, ముక్కు మధ్య గోడకు గురిపెట్టి కొట్టి, గట్టిగా పీలుస్తారు. మందంతా గొంతులోకి పోయి చేదుగా తగులుతుంది, మధ్య గోడ నుంచి రక్తం చారలు వస్తాయి. ఇలా చేయండి. ముందు నెమ్మదిగా చీదండి. సీసా బాగా కదపండి. తల కొంచెం ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టండి. అప్పుడు సీసా మూతి తనంతట తానే చెవి వైపుకు తిరుగుతుంది. మెల్లగా గాలి పీల్చండి, అంతే. రోజూ కొట్టాలి. ఇవాళ కొడితే రేపటికి తగ్గే మందు కాదు, పూర్తిగా పనిచేయడానికి వారం రెండు వారాలు పడుతుంది. ఇప్పుడే మొదలుపెట్టమని అడుగుతున్నది అందుకే.

మాత్రల గురించి కొన్ని మాటలు. పాతకాలపు అలర్జీ మాత్రలు మగత తెస్తాయి. సెట్రిజిన్ కూడా కొందరికి తెస్తుంది. బండి నడిపేవాళ్లు, పరీక్షలున్న పిల్లలు ఫెక్సోఫెనడిన్, లోరటడిన్, బిలాస్టిన్ లాంటివి డాక్టర్‌ను అడిగి తీసుకోవడం మంచిది. ఫెక్సోఫెనడిన్ మంచినీళ్లతోనే వేసుకోండి. ఎండాకాలం కదా అని బత్తాయి రసంతో, యాపిల్ రసంతో మింగితే ఒంటికి సగం కూడా పట్టకపోవచ్చు. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మన దగ్గర విరివిగా రాస్తారు, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. దానివల్ల కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, అరుదుగా చచ్చిపోవాలనే ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన అత్యంత గట్టి హెచ్చరిక జారీ చేసింది. ఆ మాత్ర మొదలుపెట్టాక పిల్లల తీరు మారిందనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల మందులు, ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటివి, ఐదు రోజులు దాటి వాడకూడదు. దాటితే ఆ చుక్కలు లేకుండా ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. యాంటీబయాటిక్స్ దీనికి అసలు అక్కర్లేదు.

ఇప్పుడు పిల్లల కళ్ల గురించి. ఇక్కడ అమ్మమ్మలు, నానమ్మలు చాలామంది ఉన్నారు, కొంచెం శ్రద్ధగా వినండి. ఐదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు, ఎండలు మొదలవగానే కళ్లు ఎర్రబడి, వెలుతురు చూడలేక, తీగలు తీగలుగా పుసి కడుతూ, భరించలేనంత దురద వచ్చే జబ్బు ఒకటి ఉంది. మనలాంటి వేడి, పొడి ప్రాంతాల్లో ఎక్కువ. పిల్లాడు కళ్లు పిడికిళ్లతో నులుముతాడు. ఏళ్ల తరబడి అలా నులిమితే కంటి నల్లగుడ్డు పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చి చూపు పోయే ప్రమాదం ఉంది. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. ఒకసారి డాక్టర్ రాసిన స్టెరాయిడ్ చుక్కలతో వెంటనే హాయిగా ఉంటుంది కనుక, ఆ సీసా పట్టుకెళ్లి ఏటా షాపులో మళ్లీ మళ్లీ కొనేస్తారు. అలా వేస్తూ పోతే లోపల కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా వస్తుంది, చిన్న వయసులోనే శుక్లం వస్తుంది. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. జబ్బేమో చాలామందిలో పెద్దయ్యేసరికి దానంతట అది తగ్గిపోతుంది, మిగిలేది మనం కొని వేసిన చుక్కల నష్టం. కాబట్టి చల్లటి తడిగుడ్డ కళ్ల మీద వేయండి, టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టండి, ఏ చుక్కలు ఎన్ని రోజులో కంటి డాక్టర్ చెప్పినట్టే వాడండి. మన ఊళ్లోనే ఎల్.వి.ప్రసాద్ లాంటి కంటి ఆసుపత్రి ఉన్నప్పుడు ఈ విషయంలో మెడికల్ షాపు మీద ఆధారపడాల్సిన అవసరం లేదు.

ముక్కు, ఊపిరితిత్తులు ఒకే ఇంటి వసారా, లోపలి గది లాంటివి. వసారాలోకి వచ్చిన దుమ్ము లోపలికి రాకుండా ఉండదు. ముక్కు అలర్జీని ఏళ్ల తరబడి పట్టించుకోనివాళ్లలో చాలామందికి రాత్రి దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం మొదలవుతాయి. అది ఆస్తమా. దానికి ఇన్‌హేలర్ వాడాలి. ‘ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది, ఆడపిల్లకు సంబంధాలు రావు’ అనే మాటలు నేను ఇప్పటికీ వింటున్నాను. ఆ మాటల వల్ల ఊపిరాడక అర్ధరాత్రి ఆటోలో వచ్చే అమ్మాయిలనూ చూస్తున్నాను. దయచేసి ఆ మాట మీ ఇళ్లలో అనకండి, ఎవరైనా అంటే ఊరుకోకండి. మృగశిర కార్తె నాడు చేపమందుకు వెళ్లేవాళ్లు ఇక్కడా ఉంటారు. నమ్మకంతో వెళ్లేవాళ్లను నేను ఆపను. ఇన్‌హేలర్ మాత్రం ఆ క్యూలో కూడా జేబులో ఉండాలి, వచ్చాక కూడా మానకూడదు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

దీనికి సంబంధించే గాలివానల గురించి చెప్పాలి. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గడ్డి పూత కాలంలో ఉరుములతో గాలివాన వచ్చింది. కొన్ని గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. తడికి పుప్పొడి రేణువులు పగిలి, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయేంత చిన్న ముక్కలయ్యాయి. బాధపడినవారిలో అంతకుముందు ఆస్తమా లేని, వట్టి ముక్కు అలర్జీ ఉన్నవాళ్లు ఎంతోమంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలు రాల్చే ఈదురుగాలులు వస్తాయి కదా, అప్పుడు చల్లగాలి కోసం డాబా ఎక్కకండి. అలర్జీ ఉన్నవాళ్లు కిటికీలు వేసుకుని లోపలే ఉండండి. వాన బాగా కురిసి వెలిశాక గాలి శుభ్రపడుతుంది, అప్పుడు బయటికి రండి.

నడక మానవద్దు, అది మీ గుండెకూ షుగర్‌కూ అవసరం. ఈ మూడు నెలలు ఎండెక్కకముందే, నేల చల్లగా ఉండగానే నడవండి. లాన్ కోసే రోజు ఆ పక్కకు పోకండి. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంటికి రాగానే బట్టలు మార్చి ముఖం, జుట్టు కడుక్కోండి. పొడుగు జడ ఉన్న ఆడవాళ్లు తలకు చున్నీ కట్టుకుంటే పుప్పొడి దిండు దాకా రాదు. దుప్పట్లు ఈ కాలంలో డాబా మీద గాలికి ఆరేయవద్దు. ఉగాదికి కూలర్ దించేటప్పుడు పాత గడ్డి తీసేసి కొత్తది వేయించండి, ట్యాంకు తోమండి. పోయినేడాది తడిసిన గడ్డిలో బూజు ఉంటుంది. ముక్కు కడుక్కోవడం మంచి అలవాటు. పావు లీటరు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేయండి. కానీ ఆ నీళ్లు కాచి చల్లార్చినవే అయి ఉండాలి, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. పెరుగు, అరటిపండు మానక్కర్లేదు.

పరీక్షల్లో చర్మం మీద చుక్క వేసి గుచ్చే ప్రిక్ టెస్ట్ నమ్మదగినది. దానికి ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి. రెండు వందల తిండి పదార్థాల జాబితాలు, వెంట్రుకల పరీక్షలు వేలు పోసి చేయించుకోకండి. ఆ కాగితం చూసి వంకాయ, గోధుమ, పాలు అన్నీ మానేసి చిక్కిపోయిన పిల్లలను నా దగ్గరికి తీసుకొచ్చారు. ఏ మందుకూ లొంగనివాళ్లకు కొద్దికొద్దిగా అదే పుప్పొడిని ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స ఉంది. 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్ మొదలుపెట్టాడు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, ఇంజక్షన్ వేశాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి.

(సభలో ఒక తల్లి: మా అబ్బాయికి ఇక్కడ ఏమీ లేదండీ, డల్లాస్ వెళ్లిన మూడో ఏడు నుంచి ఒకటే తుమ్ములు. ఇక్కడి నుంచి మాత్రలు పంపమంటాడు.)

అది చాలామంది పిల్లల కథ అమ్మా. కొత్త చోటి పుప్పొడికి ఒళ్లు అలవాటుపడి ఎదురు తిరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే మొదటి ఏడాది బాగానే ఉంటారు. టెక్సాస్‌లో డిసెంబర్, జనవరిలో సీడర్ చెట్లు, మార్చి, ఏప్రిల్‌లో ఓక్, ఆగస్టు తర్వాత రాగ్‌వీడ్. ఆ రాగ్‌వీడ్ మన వయ్యారిభామకు దగ్గరి చుట్టం. ఇక్కడ దాంతో బాధపడినవాళ్లకు అక్కడ ఇది కూడా పడకపోవచ్చు. మాత్రలు పంపడం కంటే, మొదట తన బాధ ఏ నెలలో మొదలవుతుందో రాసుకోమనండి. అక్కడ ఫ్లూటికసోన్ స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతుంది. రోజువారీ పుప్పొడి లెక్క కూడా ఫోన్లో చూసుకోవచ్చు.

మనకు అలాంటి రోజువారీ లెక్క అంత సులువుగా అందదు. చండీగఢ్‌లో అక్కడి పీజీఐ వైద్యులు తమ నగరానికి పుప్పొడి క్యాలెండర్ తయారు చేశారు. మన నగరాలకూ అలాంటిది రావాలి, మీలాంటి సంఘాలు గట్టిగా అడగాలి. అది వచ్చేలోగా మీ వంటింటి గోడ క్యాలెండర్ ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకుంటారు కదా, తుమ్ములు మొదలైన రోజు కూడా రాయండి. ఏ మందు వేసుకున్నారో, ఎప్పటికి తగ్గిందో రాయండి. రెండేళ్ల కాగితాలు దాచి పట్టుకొస్తే ఏ డాక్టర్‌కైనా అది పెద్ద సాయం.

స్ప్రే సీసాలు వెంట తెచ్చుకోమని మీ కార్యదర్శి గారితో చెప్పించాను, కొందరు తెచ్చినట్టున్నారు. ఈ బల్ల దగ్గరికి ఒక్కొక్కరు రండి. నా ముందు ఒకసారి కొట్టి చూపించండి, ఎక్కడైనా తేడా ఉంటే ఇక్కడే సరిచేసుకుందాం. సీసా మీద తేదీ కూడా చూడండి, పోయినేడాది తెరిచినదైతే పక్కన పెట్టేయండి, కొత్తదానికి చీటీ రాసిస్తాను.